ఏళ్ల తరబడి నిలిచిపోయిన బుల్లెట్‌ను తిరిగి నడిపించడం

సభకు నమస్కారం.

పోత ఇనుము సిలిండరుతో వచ్చిన పాత బుల్లెట్ 350, అందులోనూ ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోకుండా ఒక మూల నిలిచిపోయిన బుల్లెట్, ఈ రోజు నా ప్రసంగ విషయం. నడిచి నడిచి అరిగిపోయిన బండిని బాగుచేసే మేస్త్రులు మన ప్రాంతంలో ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. నిలిచిపోయి పాడైన బండి సంగతి అలా కాదు. అరుగుదల ఏ భాగంలో వస్తుందో అనుభవం ఉన్నవారు చూడకుండానే చెప్పగలరు గాని, కదలకుండా ఉన్నందువల్ల వచ్చిన నష్టం ఎక్కడ దాగి ఉందో విప్పి చూసేదాకా ఎవరూ చెప్పలేరు. తుప్పు, తేమ, గట్టిపడిన రబ్బరు, జిగురుగా మారిన పెట్రోలు, బురదలా పేరుకున్న ఆయిలు, ఇవన్నీ బయటికి కనిపించకుండా తమ పని తాము చేసుకుపోతాయి. అందువల్ల ఇటువంటి బండిని చేతికి తీసుకున్నవారు ఏ భాగాన్ని మార్చకుండా ఉంచగలమన్నది ముందు తేల్చుకొని, ఆ తరువాతే మార్చవలసిన వాటి జాబితా రాసుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను. ఎందుకలా అంటున్నానో పని వరుసలోనే చెబుతాను.

ముందుగా ఈ బండి పుట్టుక గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఇవాళ కూడా బాగుచేయగలగడానికి కారణం అందులోనే ఉంది. ఇంగ్లండులోని రెడిచ్‌లో ఉన్న రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ, మద్రాస్ మోటార్స్‌తో కలిసి 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియాను ఏర్పాటు చేసింది. మద్రాసు పక్కన తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ కట్టారు. మొదట్లో భాగాలు తెచ్చి ఇక్కడ బిగించేవారు, క్రమంగా అన్నీ ఇక్కడే తయారుచేశారు. రెడిచ్ ఫ్యాక్టరీ 1967లో మూతపడినా తిరువొత్తియూరులో బుల్లెట్ ఆగలేదు. 70 మిల్లీమీటర్ల బోరు (సిలిండరు లోపలి వెడల్పు), 90 మిల్లీమీటర్ల స్ట్రోకు (పిస్టను కదిలే దూరం), 346 సి.సి. అన్న ఆ కొలతలతోనే, పెద్ద మార్పులు లేకుండా, అర్ధ శతాబ్దం పాటు ఆ ఇంజను తయారవుతూ వచ్చింది. అందుకే నలభై ఏళ్ల నాటి బండికి కావలసిన ప్యాకింగు గాని వాల్వు గాని విజయవాడ ఆటోనగర్‌లోనో, హైదరాబాదు రాణీగంజ్‌లోనో, చెన్నై పుదుపేటలోనో వెతికితే నేటికీ దొరుకుతుంది. ఇంత పాత యంత్రానికి ఇంత సులభంగా సామాను దొరకడం మన అదృష్టం. అయితే, సామాను సులభంగా దొరకడం వల్లనే, బాగుచేయదగిన అసలు భాగాలను పాత ఇనుప సామాన్ల వాళ్లకు తూకానికి వేసి, నాసిరకం కొత్త వాటిని బిగించే అలవాటు కూడా మనలో పెరిగింది. మూడు పదుల వయసున్న అసలు గేరు పళ్లను చేత్తో తడిమి చూసి, ఈ మధ్య కొన్న నకిలీ గేరు పక్కన పెట్టి పోల్చండి. ఏది ఎక్కువ కాలం నడుస్తుందో మీ వేళ్లే చెబుతాయి.

ఉదాహరణగా, కోనసీమలో ఒక పాత రైసు మిల్లు గోదాములో బయటపడిన డెబ్బయ్యవ దశకపు బుల్లెట్‌ను తీసుకుంటాను. మిల్లు యజమాని పోయాక ఎవరూ నడపలేదు. ఊక బస్తాల వెనుక సెంటరు స్టాండు మీద నిలబడి ఉంది. కోనసీమ గాలిలో తేమ, ఉప్పు రెండూ ఉంటాయి. ఊక తేమను పట్టి ఉంచుతుంది. గోడ వైపున్న ఎడమ పక్క అంతా తుప్పు పట్టింది. కుడి పక్క మాత్రం తుడిస్తే రంగు మెరిసింది. ఆ ఇంటి మనవడు ఉత్సాహం కొద్దీ కిక్కు రాడ్డు మీద కాలు వేయబోతుంటే, నాతో వచ్చిన మేస్త్రి గారు ఆపి, "అబ్బాయిగారూ, ఇప్పుడు కిక్కు కొట్టకండి, లోపల ఏముందో మనకి తెలీదు కదండీ" అన్నారు. ఈ ప్రసంగంలో మీరు గుర్తుంచుకోవలసిన మాట ఒక్కటే ఉంటే, అది ఆ మేస్త్రి గారి మాటే.

కిక్కు ఎందుకు కొట్టకూడదో వివరంగా చెబుతాను. నాలుగు స్ట్రోకుల ఇంజను ఆగినప్పుడు పిస్టను ఎక్కడో ఒకచోట నిలుస్తుంది. ఆ స్థానంలో ఒక వాల్వు తెరుచుకొని ఉంటే, దాని గుండా బయటి తేమగాలి ఏళ్ల తరబడి సిలిండరులోకి వస్తూనే ఉంటుంది. రింగులు ఆనిన చోట సిలిండరు గోడకు తుప్పు పట్టి, రింగులను గోడకు అతికించేస్తుంది. దాన్నే మనవాళ్లు పిస్టన్ పట్టేసింది అంటారు. ఆ స్థితిలో మనిషి బరువంతా వేసి కిక్కు తొక్కితే రింగు విరగవచ్చు, కిక్కు గేరు పన్ను ఊడవచ్చు. ఒకవేళ పిస్టను కదిలినా, ఆ తుప్పు పొడి గోడను గీసుకుంటూ పోతుంది. రెండో కారణం ఆయిలుకు సంబంధించినది. ఈ ఇంజనులో ఆయిలు ట్యాంకు క్రాంకు కేసులోనే ఒక అరగా ఉంటుంది. బండి నిలిచి ఉన్నప్పుడు ఆయిలు పంపు సందుల్లోంచి కొద్దికొద్దిగా కారి క్రాంకు తిరిగే గదిలోకి చేరుతుంది. పైన ట్యాంకులో ఆయిలు లేదనుకొని కొత్తది పోసేవారు చాలామంది. అసలు ఆయిలు ఎక్కడికీ పోలేదు, కింద ఫ్లైవీళ్ల చుట్టూ నిలిచి ఉంటుంది. అందుచేత కింది రెండు డ్రెయిన్ బోల్టులూ విప్పి, ఆయిలంతా వెడల్పాటి పళ్లెంలోకి దింపడమే మొదటి పని. ఆ పళ్లెంలోకి పడినదాన్ని పారబోయకండి. ఎండలో పెట్టి చూడండి. నీరు అడుగున విడిగా నిలిస్తే తేమ ఎంత చేరిందో తెలుస్తుంది. ఇత్తడి రంగు మెరుపులు కనిపిస్తే బుష్‌లు, బూడిద రంగు ముద్ద కనిపిస్తే పిస్టను, గుచ్చుకునే ముక్కలు ఉంటే గేర్లో బేరింగులో అనుమానించాలి. ఇంజను విప్పకముందే అది తన చరిత్రను ఆ పళ్లెంలో చెప్పేస్తుంది.

పట్టేసిన పిస్టన్‌ను విడిపించడానికి ఓపిక తప్ప వేరే దారి లేదు. ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలోంచి డీజిలూ తుప్పు వదిలించే నూనే కలిపి పోసి, కొన్ని రోజులు అలాగే వదిలేయాలి. తరువాత టాప్ గేరు వేసి, వెనుక చక్రాన్ని రెండు చేతులతో పట్టుకొని ముందుకూ వెనక్కూ మెల్లగా ఆడించాలి. కిక్కు రాడ్డు కన్నా చక్రం మేలు, ఎందుకంటే ఎంత బలం వేస్తున్నామో చేతికి తెలుస్తుంది. కోనసీమ బండి ఆ పద్ధతికి లొంగలేదు. హెడ్ విప్పి, సిలిండరును బయటినుంచి వేడిచేసి, పిస్టను మీద దాని వెడల్పుకు సరిపోయే టేకు దిమ్మను ఉంచి, చెక్క సుత్తితో నాలుగు వైపులా సమంగా తట్టాక కదిలింది. పిస్టను మీద నేరుగా ఇనుప సుత్తితో కొట్టడం క్షమించరాని పని. అల్యూమినియం పిస్టను ఇనుప దెబ్బకు పగిలి, దాని ముక్కలు సిలిండరును కూడా గీసిపోతాయి.

విప్పడం మొదలుపెట్టేటప్పుడు పానాల సంగతి చూసుకోవాలి. ఆ కాలపు బుల్లెట్‌కు బ్రిటిష్ మరలు ఉంటాయి. మిల్లీమీటర్ల పానా వాటికి దాదాపు సరిపోతుందే గాని సరిగ్గా సరిపోదు. ఆ కాస్త తేడాతోనే నట్ల మూలలు గుండ్రమైపోతాయి. విట్‌వర్త్ పానాల సెట్టు పాత సామాన్ల దుకాణాల్లో ఇంకా దొరుకుతుంది, కొనిపెట్టుకోండి. ఇంకొక్క జాగ్రత్త. టైమింగు కవరు లోపల, ఆయిలు పంపులను నడిపే వర్ము నట్టుకు ఎడమ మర ఉంటుంది, అంటే కుడి వైపుకు తిప్పితేనే ఊడుతుంది. మామూలు నట్టులా విప్పబోయి, బలం చాలలేదనుకొని పైపు తగిలించి తిప్పి, షాఫ్టు చివరను విరిచినవారిని నేను చూశాను. విప్పిన ప్రతి భాగాన్నీ ఫోటో తీసి, చిన్న చిన్న డబ్బాల్లో వేసి, పేరు రాసి పెట్టుకోవాలని వేరే చెప్పనక్కర్లేదు.

ఇంజను గుండె క్రాంకులో ఉంది. ఈ ఇంజనులో కనెక్టింగ్ రాడ్డు పెద్ద చివర రోలర్ బేరింగు ఉండదు, తేలియాడే బుష్ ఉంటుంది. ఆ బుష్ లోపలా బయటా సన్నని ఆయిలు పొర మీద తిరుగుతుంది. శుభ్రమైన ఆయిలు నిరంతరం అందితే అది ఎంతకాలమైనా ఉంటుంది. అందకపోతే కొద్ది కిలోమీటర్లలోనే పోతుంది. టైమింగు వైపునుంచి క్రాంకులోకి, క్రాంకుపిన్ను గుండా బుష్‌కు ఆయిలు వెళ్లే సన్నని దారి ఒకటి ఉంది. ఏళ్ల తరబడి నిలిచిన బండిలో ఆ దారిలో బురద గట్టిపడి ఉంటుంది. కొత్త పిస్టను, కొత్త రింగులు వేసి, ఈ దారిని శుభ్రం చేయకుండా బిగించిన ఇంజను మొదటి ప్రయాణంలోనే రాడ్డు శబ్దం మొదలుపెడుతుంది. రాడ్డును నిలువుగా పట్టుకొని పైకీ కిందికీ లాగితే ఏమాత్రం ఆట ఉండకూడదు. పక్కలకు కొద్దిగా కదలడం సహజమే, దాన్ని చూసి భయపడనక్కర్లేదు. సిలిండరు విషయానికి వస్తే, లేత్ పనివారి దగ్గర బోరును మూడు ఎత్తుల్లో, రెండు దిక్కుల్లో కొలిపించాలి. తుప్పు గుంట పైపైనే ఉంటే హోనింగుతో, అంటే గోడను సన్నగా రుద్దడంతో, పోతుంది. లోతుగా ఉంటేనే బోరు చేయించి ఓవర్‌సైజు, అంటే కాస్త పెద్ద, పిస్టను వేయాలి. ఒకసారి పెంచిన బోరును తగ్గించలేం. ఒక్కో ఓవర్‌సైజుతో సిలిండరు గోడ పలచబడుతుంది గనుక, కొలత అడగకుండా బోరు చేస్తామన్న చోట బండిని ఇవ్వకండి.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన పని గురించి కొంచెం తీరికగా చెబుతాను, అది ఇగ్నిషన్ టైమింగు పెట్టడం, అంటే ప్లగ్గులో నిప్పురవ్వ ఏ క్షణాన పడాలో సరిచేయడం. ఇందులో ఎలక్ట్రానిక్స్ ఏమీ లేవు. కాంటాక్టు పాయింట్లు, కండెన్సరు, కాయిల్, అంతే. పాయింట్లు విడిపోయిన క్షణాన నిప్పురవ్వ పడుతుంది. నిలిచిపోయిన బండిలో పాయింట్ల ముఖాల మీద బూడిద రంగు పూత పడుతుంది. కంటికి శుభ్రంగానే కనిపిస్తుంది గాని కరెంటును వెళ్లనివ్వదు. సన్నని గరుకు కాగితంతో రుద్ది, తరువాత శుభ్రమైన తెల్ల కాగితాన్ని మధ్యలో పెట్టి లాగితే, కాగితం మీద నల్ల గీత పడుతుంది. గీత పడకుండా వచ్చేదాకా లాగాలి. పాయింట్లు పూర్తిగా తెరుచుకున్నప్పుడు మధ్య సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. సందు సరిచేశాకే టైమింగుకు వెళ్లాలి, ఎందుకంటే సందు మారితే టైమింగూ మారుతుంది. పిస్టను కంప్రెషన్ స్ట్రోకులో పై అంచుకు చేరడానికి 0.8 మిల్లీమీటర్ల ముందు, వేగం పెరిగేకొద్దీ నిప్పురవ్వను ముందుకు జరిపే అడ్వాన్సు పూర్తిగా వెనక్కి ఉన్న స్థితిలో, పాయింట్లు విడిపోవడం మొదలవ్వాలి. క్రాంకు లెక్కలో అది సుమారు పది డిగ్రీలు. హెడ్ బిగించకముందే ఈ పని చేస్తే, పిస్టను మీద నేరుగా డయల్ గేజి పెట్టి కచ్చితంగా కొలవవచ్చు. పాయింట్ల మధ్య సిగరెట్ కాగితం ముక్క ఒకటి ఉంచి, దాన్ని వేలితో అతి తేలికగా లాగుతూ, రెండో చేత్తో ఇంజనును నెమ్మదిగా ముందుకు తిప్పాలి. కాగితం బిగిసి ఉండి, ఉండి, ఒక క్షణాన జారి చేతిలోకి వస్తుంది. గేజి ముల్లు ఆ క్షణాన ఎక్కడుందో చూడాలి. నూతన పరికరాలు చెప్పేది కూడా ఆ కాగితం చెప్పేదే. ఆ జారిపోవడాన్ని ఒకసారి వేలికొసలతో తెలుసుకున్న కుర్రవాడు ఇక జీవితంలో టైమింగు కోసం ఎవరి మీదా ఆధారపడడు.

కార్బొరేటరు, పెట్రోలు ట్యాంకు రెండింటి జబ్బూ ఒకటే. నిలవ పెట్రోలులో తేలికైన భాగం ఆవిరైపోయి, మిగిలినది జిగురై, చివరకు గోధుమ రంగు పొరగా ఎండిపోతుంది. పెట్రోలును కొలతగా వదిలే జెట్టు రంధ్రం పూడిందని ఉక్కు సూదితో పొడవడం మన షెడ్లలో మామూలే. కాని ఆ రంధ్రం వెడల్పే జెట్టు కొలత. సూదితో పొడిచాక ఆ జెట్టు మీద ఉన్న నంబరుకు అర్థం ఉండదు. ద్రావకంలో నానబెట్టి, గాలి కొట్టి, అవసరమైతే చేపల గాలపు నైలాన్ దారాన్ని దూర్చి శుభ్రం చేయాలి. ట్యాంకు లోపలి తుప్పును ఫాస్ఫారిక్ ఆమ్లం కలిసిన ద్రావకంతో తీసి, నీళ్లతో కడిగి, వేడిగాలితో వెంటనే ఆరబెట్టాలి, లేకపోతే సాయంత్రానికే మళ్లీ ఎర్రబడుతుంది. ట్యాంకుకు చిల్లులుండి వెల్డింగుకు ఇచ్చేటట్లయితే, పెట్రోలు ఆవిరి పూర్తిగా పోయిందని తేలకుండా దాని దగ్గరకు మంటను రానివ్వకండి. ఖాళీ ట్యాంకే నిండు ట్యాంకు కన్నా ప్రమాదకరం. ఇవాళ బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది. అది నీటిని పీల్చుకుంటుంది, పాతకాలపు రబ్బరు పైపులనూ సీళ్లనూ దెబ్బతీస్తుంది. కాబట్టి రబ్బరు భాగాలన్నీ కొత్తవి వేయండి. ఇక్కడ మాత్రం పాతదాన్ని ఉంచాలన్న పట్టుదల పనికిరాదు. నెలల తరబడి నడపని బండి ట్యాంకులో పెట్రోలు ఉంచకండి.

వైరింగు గురించి ఎక్కువ చెప్పను. ఎలుకలు కొరికిన, ఎండి పెళుసైన వైర్లకు టేపు చుట్టి నడపడం అగ్ని ప్రమాదానికి దారి. వైర్ల కట్ట, అంటే హార్నెస్, మొత్తం మార్చండి, ఫ్యూజు పెట్టండి. ఆమ్మీటరు, హెడ్‌లైటు పక్కనుండే రెండు చిన్న దీపాలు మాత్రం అసలువి పదిలంగా ఉంచుకోండి. చక్రాల చువ్వలు తుప్పుపట్టి ఉంటే మార్చి, రిమ్ము పక్కన సుద్దముక్క ఆనించి తిప్పుతూ బెండు తీయించాలి. బ్రేకు లైనింగులు, కేబుళ్లు, టైర్లు ప్రాణానికి సంబంధించినవి గనుక వాటి దగ్గర పొదుపు వద్దు.

రంగు, క్రోము విషయంలో నా అభిప్రాయం చాలామందికి నచ్చకపోవచ్చు, అయినా చెప్పితీరాలి. కోనసీమ బండి కుడి పక్క ఫ్యాక్టరీ నాటి రంగు, ట్యాంకు మీద చేత్తో గీసిన బంగారు గీత ఇంకా ఉన్నాయి. ఆ గీతను కుంచెతో, ఊపిరి బిగబట్టి, ఒకే చేతి కదలికలో గీస్తారు. జాగ్రత్తగా చూస్తే గీత మొదలైనచోట కాస్త లావుగా, ముగిసేచోట సన్నగా ఉంటుంది. పెయింటు షాపు కుర్రవాడు మొదట చెప్పిన మాట, రెండు పక్కలా గీకేసి అంతా కొత్త రంగు వేద్దామని. మేము ఒప్పుకోలేదు. ఎడమ పక్క తుప్పు తీసి, ప్రైమరు వేసి, కుడి పక్క రంగుకు సరిపోయేలా కలిపి వేయించాము. కుడి పక్కను కడిగి మైనం పట్టించి వదిలేశాము. రెండు పక్కలకూ కొద్దిగా తేడా కనిపిస్తుంది, కనిపించనివ్వండి. తిరువొత్తియూరులో ఎవరో పనివాడు గీసిన గీతను చెరిపేసే హక్కు బండి మన పేరున ఉన్నంత మాత్రాన మనకు రాదని నేను అనుకుంటాను. క్రోము విషయం కూడా ఇంతే. లోతుగా గుంటలు పడిన ఇనుము మీద ఎంత మంచి ప్లేటింగు వేసినా గుంటలు మిగిలే ఉంటాయి. వాటిని పోగొట్టాలని బఫింగు చేస్తూ పోతే రిమ్ము పలచబడుతుంది. పైపై తుప్పునైతే సన్నని ఇత్తడి బ్రష్షుతో తీసి నూనె రాస్తే చాలు.

అసలు రూపాన్ని కాపాడమనడం కేవలం అభిమానం కొద్దీ చెప్పే మాట కాదు, దానికి చట్టపరమైన విలువ కూడా ఉంది. కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉండి, చాసిస్‌లోనూ ఇంజనులోనూ పెద్ద మార్పులు జరగని ద్విచక్ర వాహనాన్ని వింటేజి వాహనంగా నమోదు చేసుకోవచ్చు. కొత్తగా నమోదుకు రుసుము 20,000 రూపాయలు, పునర్నమోదుకు 5,000, గడువు 10 ఏళ్లు. నంబరులో రాష్ట్రం అక్షరాల తరువాత వి.ఎ. అన్న అక్షరాలు వస్తాయి. అయితే ఆ నంబరుతో రోజూ బజారుకు తిరగడానికి లేదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించుకోవడానికి, మరమ్మతులకు మాత్రమే రోడ్డెక్కవచ్చు. రోజూ నడుపుకోవాలంటే మామూలు పద్ధతిలో ఫారం 25తో రిజిస్ట్రేషను పునరుద్ధరించుకోవాలి, ఐదేళ్లకొకసారి. బండి తాతగారి పేరున ఉండి ఆయన కాలం చేసి ఉంటే ముందు ఫారం 31తో వారసుల పేరుకు మార్పించుకోవాలి. ఈ కాగితాల పని మరమ్మతు పూర్తయ్యాక చూద్దామని వదిలేయకండి, మొదటి రోజే ఆర్.సి. చేతిలో పెట్టుకొని చాసిస్ నంబరు, ఇంజను నంబరు సరిచూడండి. ఇంజను నంబరు క్రాంకు కేసు మీద కొట్టి ఉంటుంది. కాబట్టి కేసుకు పగులున్నా, అల్యూమినియం వెల్డింగు తెలిసినవారితో అతికించుకోవడమే ఉత్తమం. వేరే కేసు వేస్తే నంబరు మారి, ఆ బండి కాగితాల దృష్టిలో వేరే బండి అవుతుంది. నంబర్ల మీద గ్రైండరు పెట్టనివ్వకండి, మందంగా రంగు వేయనివ్వకండి.

చివరగా, ఇంజను బిగించాక మొదటిసారి స్టార్టు చేసే విధానం. కొత్త ఆయిలు పోసి, ప్లగ్గు తీసి ఉంచి, కిక్కుతో చాలాసేపు తిప్పాలి. హెడ్ మీద రాకర్లకు ఆయిలు తెచ్చే పైపు బోల్టును కాస్త వదులు చేసి చూస్తే, ఆయిలు అక్కడికి వస్తున్నదీ లేనిదీ తెలుస్తుంది. అక్కడ ఆయిలు కనిపించకుండా ప్లగ్గు బిగించవద్దు. స్టార్టయ్యాక అదే చోట మరొకసారి చూడాలి. మొదటి 500 కిలోమీటర్లు ఇంజనును బలవంతపెట్టకుండా, అలాగని ఒకే వేగంతో కూడా కాకుండా, పెంచుతూ తగ్గిస్తూ నడపాలి. మొదటి వంద కిలోమీటర్లకే ఆయిలూ, ఫెల్టు ఫిల్టరూ మార్చి, హెడ్ నట్లు చల్లటి ఇంజను మీద తిరిగి బిగించి, ట్యాపెట్లు సరిచూడాలి. వాల్వులను కదిపే పుష్‌రాడ్లు వేళ్ల మధ్య సులభంగా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు.

ఈ బల్ల మీద కోనసీమ బండి నుంచి తీసిన పాత బుష్, తుప్పు పట్టిన రింగులు, పాయింట్ల ప్లేటు పెట్టాను. డయల్ గేజి, సిగరెట్ కాగితం కూడా ఉన్నాయి. సందేహాలున్నవారు దగ్గరకు రండి. టైమింగు పెట్టడం తమ చేతులతో చేసి చూడాలనుకునే కుర్రవాళ్లు ముందు వరుసలోకి వస్తే అక్కడినుంచే మొదలుపెడదాం.